ఫెయిర్‌టాక్స్ వస్తే జీతం మొత్తం చేతికొస్తుందట, మనకు లాభమా నష్టమా?

ఇర్వింగ్_అబ్బాయి
ఈసారి రిఫండ్ రాకపోగా ఎదురు కట్టాల్సి వచ్చింది. ఇండియాలో ఎన్ఆర్‌ఓ (ప్రవాసుల ఖాతా) డిపాజిట్ల మీద వచ్చిన వడ్డీ సంగతి ముందే చెప్పినా, ఫైల్ చేసినాయన చివరి వారం దాకా పట్టించుకోలేదు. ఒక్క జీతం. మా ఆవిడది హెచ్4 (నా ఉద్యోగ వీసా మీద భార్యకు ఇచ్చే వీసా), ఈఏడీ (పని చేసుకునే అనుమతి) లేదు. ఏడాది నిండని బాబు.

ఆ చిరాకులో ఉండగా ఆఫీసులో ఒక అమెరికన్ ఫెయిర్‌టాక్స్ గురించి చెప్పాడు. ఫెడరల్ ఇన్‌కం టాక్స్ ఎత్తేస్తారట, సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (ముసలితనంలో వైద్యం) కోతలు కూడా ఉండవట, పన్నులు వసూలు చేసే ఐఆర్‌ఎస్‌నే మూసేస్తారట. వాటి బదులు కొన్నవాటి మీద 23 శాతం సేల్స్ టాక్స్, అంతే. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. వీసా మీద ఉన్నవాళ్లకు ఇది ఎలా పడుతుందో ఎవరైనా లెక్క వేసి చూశారా? మెలిక ఎక్కడుంది?

సైకిల్‌చైన్
మెలిక లేని పన్ను దొరికితే నాకూ చెప్పు, సంతోషంగా కడతాను.

పన్నుల_పుల్లయ్య
బిల్లు కొత్తదేం కాదు. 1999లో జార్జియా రాష్ట్రపు కాంగ్రెస్ సభ్యుడు జాన్ లిండర్ మొదట పెట్టారు. చాలా ఏళ్లుగా హెచ్.ఆర్. 25 అనే నంబరుతో వస్తోంది. ఈమధ్య పెడుతున్నది అదే రాష్ట్రానికి చెందిన బడ్డీ కార్టర్. ఇంతవరకు సభలో ఓటింగ్ దాకా రాలేదు. 2023లో స్పీకర్ పదవికి కెవిన్ మెకార్తీ 15 రౌండ్లు తిప్పలు పడ్డారు కదా, అప్పటి బేరాల్లో దీని పేరు కూడా వినపడింది. తర్వాత ఆయనే నేను దీనికి అనుకూలం కాదనేశారు.

మొదటి మెలిక ఆ 23 దగ్గరే ఉంది. వంద డాలర్ల వస్తువు మీద 30 డాలర్లు వేస్తారు. మొత్తం 130 కట్టినదాంట్లో పన్ను 30, అంటే 23 శాతం. ఇన్‌కం టాక్స్ కూడా జీతంలోంచి ఎంత పోయిందనే లెక్క చెబుతాం కదా, దానితో పోల్చడానికి ఇలా చెబుతున్నాం అంటారు వాళ్లు. అందులో అబద్ధమేం లేదు. కానీ కౌంటర్ దగ్గర నీ కంటికి కనపడేది 30.

ఇర్వింగ్_అబ్బాయి
30 ఆ? మన టెక్సస్ 8.25 దీనికి అదనమా?

పన్నుల_పుల్లయ్య
అదనమే. అది రాష్ట్రం, ఊరు తీసుకునేది. ఇది ఫెడరల్.

ఎడిసన్_అత్తగారు
మీది నయం నాయనా, స్టేట్ ఇన్‌కం టాక్స్ లేని ఊళ్లో కూర్చుని అడుగుతున్నావు. మాకు 1040 (ఫెడరల్ రిటర్న్) పోయినా న్యూజెర్సీ రాష్ట్రం వాళ్ల ఎన్‌జే-1040 ఎక్కడికీ పోదు. ఏప్రిల్ తలనొప్పి ఏప్రిల్‌దే.

ఇంకోటి. ఇక్కడ సేల్స్ టాక్స్ 6.625 అంటారు గానీ బట్టల మీద లేదు, వండని తిండి సరుకుల మీద లేదు. ఈ ఫెయిర్‌టాక్స్‌లో బియ్యం బస్తాకీ ఉంటుందట, కందిపప్పుకీ ఉంటుందట, డాక్టరు ఫీజుకీ ఉంటుందట. నిజమేనా పుల్లయ్య గారూ?

పన్నుల_పుల్లయ్య
నిజమే అత్తగారూ. మినహాయింపులు పెట్టడం మొదలుపెడితే ఆగదని అన్నిటికీ ఒకే రేటు పెట్టారు. ఇంటి అద్దె, డాక్టరు, లాయరు, క్షవరం, అన్నీ అందులోనే. కాలేజీ ట్యూషన్ ఫీజుకు లేదు. వాడిన వస్తువులకు లేదు. వ్యాపారం కోసం కొన్నవాటికి లేదు. పేదవాళ్ల మీద భారం పడకుండా ప్రతి కుటుంబానికీ నెల మొదట్లో ఒక చెక్కు పంపుతారు. దారిద్ర్య రేఖ దాకా ఖర్చు పెడితే ఎంత పన్ను పడుతుందో అంత, ముందుగానే. దాన్ని ప్రీబేట్ అంటున్నారు. జీతం ఎంతున్నా అందరికీ వస్తుంది.

సైకిల్‌చైన్
పెన్షన్లు ఒకటో తారీఖునే ఇస్తున్నారన్నమాట. ఇక వలంటీర్లను కూడా పెడితే సరిపోతుంది.

హెచ్4_డైరీ
"ప్రతి కుటుంబానికీ" అన్నారు గానీ, బిల్లులో ఆ కుటుంబం అంటే ఎవరో చూశారా? లెక్కలోకి రావాలంటే ప్రతి మనిషికీ సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలి, చట్టబద్ధంగా ఇక్కడ నివసిస్తూ ఉండాలి. ఈఏడీ లేని హెచ్4 వాళ్లకు ఆ నంబరు (ఎస్ఎస్ఎన్) ఎక్కడిది? పన్ను ఫైలింగ్ కోసం ఇచ్చే ఐటీఐఎన్ మాత్రమే కదా. అంటే నేను బియ్యం కొంటే పన్ను కడతాను, చెక్కు లెక్కలో మాత్రం నేను మనిషిని కాను. ఇండియాలో పుట్టిన మా పాపా అంతే.

ఇప్పుడు జాయింట్‌గా ఫైల్ చేస్తే కనీసం నా పేరు మీద స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను వేయకుండా వదిలేసే మొత్తం) అయినా పెరుగుతోంది.

ఎక్సెల్_ఏలూరు
హెచ్4_డైరీ గారు చెప్పింది పెద్ద పాయింటు. అబ్బాయి అడిగాడు కాబట్టి ఒక షీట్ వేశాను. 401కే (రిటైర్మెంట్ పొదుపు), ఇన్సూరెన్స్ ప్రీమియం మినహాయింపులు పక్కన పెట్టాను, లెక్క తేలికగా ఉండాలని.

జీతం లక్షా 20 వేలు అనుకుందాం. భార్య హెచ్4, బాబు ఇక్కడే పుట్టాడు. 2025 లెక్కల్లో స్టాండర్డ్ డిడక్షన్ 31,500 తీస్తే 88,500 మిగులుతుంది. దాని మీద పన్ను 10,143. బాబు ఉన్నందుకు ఇచ్చే పన్ను తగ్గింపు 2,200 పోతే 7,943. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం అంటే 9,180. మొత్తం సుమారు 17,100. చూశారా, మనం ఏప్రిల్‌లో ఇన్‌కం టాక్స్‌ని తిడతాం గానీ ఇలాంటి కుటుంబానికి ఎక్కువ పోయేది రెండోదాంట్లో.

ఫెయిర్‌టాక్స్‌లో: అద్దె 1,900, కిరాణా, బయట తిండి 900, కార్లు, పెట్రోలు, కరెంటు, ఫోన్లు 900, ఇన్సూరెన్స్, డాక్టరు 500, మిగతావి 600. నెలకు 4,800. దాని మీద 30 శాతం 1,440. ప్రీబేట్ అతనికీ బాబుకీ మాత్రమే లెక్కేస్తే నెలకు 405 వస్తుంది. నికరంగా 1,035, ఏడాదికి 12,420. అంటే ఏటా 4,700 దాకా మిగులు.

భార్యకు ఎస్ఎస్ఎన్ ఉంటే చెక్కు 705 అయ్యేది. ఆ ఒక్క నంబరు ఖరీదు నెలకు 300 డాలర్లు.

ఇర్వింగ్_అబ్బాయి
అంటే ఎలా చూసినా లాభమే కదా! నెలనెలా ఊరికి పంపేది కూడా ఉంది. దాని మీద ఈ పన్ను పడదు కదా?

ఎక్సెల్_ఏలూరు
పడదు. ఇక్కడ ఖర్చు పెట్టినదాని మీదే. 2026 జనవరి నుంచి క్యాష్, మనీ ఆర్డర్లతో పంపేవాటికి 1 శాతం వేస్తున్నారు, అది వేరే చట్టం. బ్యాంకు ఖాతా నుంచి పంపితే అదీ లేదు. ఇక్కడ పిసినారిగా బతికి అక్కడ ఫ్లాటు కొనేవాడికి ఫెయిర్‌టాక్స్ పండగే.

ప్లేనో_పద్మ
మీ షీట్‌లో డేకేర్ ఏది ఏలూరు గారూ? ఇంట్లో ఇద్దరూ ఉద్యోగం చేస్తే బాబు సంగతేమిటి? నెలకు 1,500 డేకేర్ పెట్టి చూడండి, ఏడాదికి 5,400 పన్ను. మీ మిగులంతా అక్కడే పోయింది. అదే ఏడాది 35 వేలు పెట్టి కొత్త కారు కొన్నారా, ఇంకో 10,500. మగవాళ్లు వేసే బడ్జెట్లలో ఎప్పుడూ డేకేర్ ఉండదు, అదేమిటో.

ఎక్సెల్_ఏలూరు
ఇద్దరి జీతాలైతే పన్నూ ఎక్కువే కడుతుంటారు కదా అమ్మా, షీట్‌లో ఇప్పటి పన్నుల లెక్క కూడా పెరుగుతుంది. కారు మాత్రం పాతది కొంటే పన్నే లేదు.

ప్లేనో_పద్మ
పాతదానికి పన్ను లేదంటే దాని రేటు మాత్రం అలాగే ఉంటుందా? కొత్త కారు 30 శాతం పెరిగితే పాత కారు అమ్మేవాడు ఊరుకుంటాడా?

గోదారి_గట్టు
కారు సంగతి సరే, ఇల్లు చూడండి. కొత్త ఇంటికి పన్ను ఉంది, ఎవరో ఉండి అమ్మిన ఇంటికి లేదు. ఫ్రిస్కోలో 5 లక్షల కొత్త ఇల్లంటే లక్షన్నర పన్ను. ఇక మనవాళ్లందరూ పాత ఇళ్ల వెంట పడాలి. ఈశాన్యంలో బాత్రూం ఉన్నా సర్దుకుపోవాలి.

సైకిల్‌చైన్
లక్షన్నర డాలర్లంటే వాస్తు పండితుడే వచ్చి "ఈశాన్యంలో బాత్రూం శుభం" అంటాడు.

పన్నుల_పుల్లయ్య
ఏలూరు గారి కూడికలు, తీసివేతలు బాగానే ఉన్నాయి. కానీ ఆ షీట్ కింద రెండు ఊహలు దాక్కుని ఉన్నాయి, అవి ఒప్పుకోలేను.

ఒకటి, ధరలు. ఇప్పుడు కంపెనీలు కట్టే పన్నులన్నీ వస్తువుల ధరల్లో కలిసి ఉన్నాయి, అవి పోతే ధరలు తగ్గుతాయి, కాబట్టి 30 కలిపినా పెద్ద తేడా రాదు అని ప్రచారం చేసేవాళ్లు చెబుతారు. అదే నోటితో జీతం మొత్తం మీ చేతికే అనీ చెబుతారు. ఆ దాగి ఉన్న పన్నుల్లో పెద్ద భాగం ఏమిటి? జీతాల్లోంచి కోసే పన్నులే. కంపెనీకి జీతాల ఖర్చు తగ్గితేనే ధర తగ్గించగలదు. నీ జీతం పూర్తిగా నీకే ఇస్తే దానికి మిగిలేదేముంది? జీతం పెరగడమా, ధర తగ్గడమా, ఏదో ఒకటి. రెండూ కలిపి అమ్ముతున్నారు.

రెండోది, రేటు. ఆ 23 సరిపోతుందని ఎవరన్నారు? 2005లో అధ్యక్షుడు బుష్ వేసిన పన్ను సంస్కరణల కమిటీ ఇలాంటి సేల్స్ టాక్స్‌ను పరిశీలించింది. ఒక్క ఇన్‌కం టాక్స్ స్థానాన్ని నింపడానికే, అంటే సోషల్ సెక్యూరిటీ కోతలను ముట్టుకోకుండానే, వస్తువు ధర మీద 34 శాతం కావాలని తేల్చింది. ఎగవేతలు పెరిగితే ఇంకా ఎక్కువ. ఫెయిర్‌టాక్స్ రెండూ ఎత్తేస్తానంటోంది, 30తో. షీట్‌లో 30 బదులు 45 పెట్టి చూడండి.

ఎక్సెల్_ఏలూరు
45 పెట్టాను. చెక్కు కూడా ఆ లెక్కన పెరుగుతుంది కదా, అది కలిపినా మిగులంతా కరిగిపోయి ఎదురు నష్టమే తేలింది. డేకేర్ ఉంటే ఇంకా నష్టం. సరే, పద్మ గారికి ఒక మార్కు, పుల్లయ్య గారికి ఒక మార్కు.

సైకిల్‌చైన్
ఎగవేత అంటే గుర్తొచ్చింది. వ్యాపారం కోసం కొంటే పన్ను లేదన్నారుగా. మర్నాడు పొద్దున్నే మనవాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో ఎల్ఎల్‌సీ (సొంత కంపెనీ). లాప్‌టాప్ వ్యాపారానికే, సోఫా వ్యాపారానికే, పెళ్లాం పట్టుచీర క్లయింట్ మీటింగుకే.

బెజవాడ_సీఏ
జోక్ కాదు, అసలు జబ్బు అదే. ఇండియాలో ఉండి చూస్తున్నవాడిగా చెబుతాను. మన జీఎస్టీ ప్రతి మెట్టు దగ్గరా కొంత కొంత వసూలవుతుంది. తయారీదారు, హోల్‌సేలు, రిటైలు, ఒక్కొక్కరూ ముందువాడు కట్టింది క్రెడిట్ తీసుకోవాలంటే బిల్లు కావాలి. కాబట్టి ఒకరి మీద ఒకరు కాపలా. చివరి కొట్టువాడు బిల్లు ఎగ్గొట్టినా అప్పటికే సర్కారుకు చాలావరకు చేరి ఉంటుంది. దొంగ ఇన్‌వాయిస్‌లతో క్రెడిట్ కొట్టేసేవాళ్లు మా దగ్గరా ఉన్నారు, అది వేరే కథ.

ఫెయిర్‌టాక్స్‌లో మొత్తం 30 ఆ చివరి కౌంటర్ దగ్గరే. అక్కడ "క్యాష్ ఇస్తావా, బిల్లు వద్దులే" అన్నాడంటే 30కి 30 గోవిందా. ఐరోపా దేశాలు ఇంతకాలంగా మన జీఎస్టీ లాంటి వ్యాట్ పద్ధతిలో ఉన్నది ఊరికే కాదు. హంగరీలో 27 శాతం వ్యాట్ ఉంది, అయినా అక్కడ ఇన్‌కం టాక్స్ తీసెయ్యలేదు.

కూకట్‌పల్లి_కుర్రాడు
సీఏ గారూ, మన దగ్గర ఇన్‌కం టాక్స్ తీసేసి జీఎస్టీ ఒక్కటే పెడితే ఎలా ఉంటుంది? జీతగాళ్లం మేమే కదా ముందు టీడీఎస్ కట్టి, మిగిలిన దాంతో కొని మళ్లీ జీఎస్టీ కట్టేది. ఎకరం పొలం చూపించి కోటి రూపాయల వంకాయలు పండించాననేవాడికి ఏ పన్నూ లేదు.

బెజవాడ_సీఏ
ఆ వంకాయల రైతులు నాకూ క్లయింట్లుగా వచ్చారు, ఏం చెప్పమంటావు.

కానీ ఆలోచించు. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను లేదు. అంటే దేశంలో అత్యధికులు ఇన్‌కం టాక్స్ కట్టరు. అది తీసేసి ఆ లోటు జీఎస్టీలో నింపితే, ఇప్పుడు కట్టనివాళ్లంతా కట్టాలి. 2025 సెప్టెంబరు 22న ఉన్న రేట్లు తగ్గించి 5, 18, పైన 40 అని సర్దారు. మళ్లీ సబ్బు మీద, బిస్కెట్ మీద పెంచమంటావా? నీకు నెలకు పది వేలు మిగులుతాయి, మీ ఇంట్లో పనిచేసే ఆమెకు సరుకుల ఖర్చు పెరుగుతుంది.

ఇంకో ముచ్చట. మన దేశం ఖర్చు మీద పన్ను ఒకసారి వేసి చూసింది. 1956లో నికొలస్ కాల్డార్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త సలహా ఇస్తే, టి.టి. కృష్ణమాచారి 1957లో చట్టం తెచ్చారు. అది కొట్లో వేసేది కాదు. బాగా డబ్బున్నవాళ్లు ఏడాదిలో తాము పెట్టిన ఖర్చుకు రిటర్న్ వెయ్యాలి. 1962లో తీసేశారు, 1964లో మళ్లీ పెట్టారు, 1966లో మళ్లీ తీసేశారు. వసూలైంది నామమాత్రం. పెళ్లి ఖర్చు ఎంతయిందో ఆఫీసరుకు చెప్పే ఆంధ్రుడెవడైనా ఉంటాడా చెప్పండి?

సైకిల్‌చైన్
ఆఫీసరుకు తక్కువ చెబుతాం, వియ్యంకుడికి ఎక్కువ చెబుతాం.

దమ్మాం_దోస్తు
అన్నలూ, ఇన్‌కం టాక్స్ లేని దేశంల ఉన్నోన్ని, నేను చెప్తా వినుండ్రి. మాది జగిత్యాల దిక్కు. సౌదీల జీతం మీద పన్ను లేదు, నిజమే. 2018 జనవరిల 5 శాతం వ్యాట్ పెట్టిండ్రు. సరే అనుకున్నం. 2020 జులైల ఒక్కసారే 15 చేసిండ్రు. జీతాలు పెంచిండ్రా? లేదు. గదిల ఆరుగురం ఉంటం, వండుకునేది పప్పు, చికెన్. మిగిలింది ఇంటికి పంపుతం. మా అసొంటోళ్ల మీద తక్కువే పడ్డది, ఎందుకంటే మేం ఈడ ఖర్చే పెట్టం. ఫ్యామిలీతోని ఉన్నోళ్లకే దెబ్బ. ఫ్యామిలీ మెంబరుకు నెలకు 400 రియాళ్ల ఫీజు ఒకటి, పైంగ 15 వ్యాట్. పిల్లలను ఇండియా పంపి ఒక్కలే ఉన్నోళ్లు మస్తుమంది.

అయినా ఈడ సర్కారు నడిచేది చమురు మీద. మీ దేశంల ఏం మీద నడుస్తది?

ఎడిసన్_అత్తగారు
దోస్తు చెప్పింది ఏలూరు షీట్ కంటే బాగా అర్థమైంది నాకు. ఒంటరిగా ఉండి పొదుపు చేసేవాడికి లాభం, సంసారం చేసేవాడికి నష్టం.

రిటైర్డ్_రాజమండ్రి
ముసలివాళ్ల మాట ఎవరూ ఎత్తరేం? వై2కే రోజుల్లో వచ్చాను. జీతం మీద పన్ను కట్టేశాక మిగిలిన డబ్బులు రాత్ ఐఆర్‌ఏ అనే రిటైర్మెంట్ ఖాతాలో వేశాను. తీసుకునేటప్పుడు పన్ను ఉండదనే కదా అందులో వేసింది. ఇప్పుడు ఫెయిర్‌టాక్స్ వస్తే ఆ డబ్బుతో మందులు కొన్నా, అద్దె కట్టినా 30 శాతం. సంపాదించినప్పుడు ఒకసారి, తినేటప్పుడు ఒకసారి. ఆ ప్రీబేట్ చెక్కు నా మందులకే చాలదు.

మామూలు 401కే వాళ్లకు ఫరవాలేదు, వాళ్లు ఇంకా కట్టలేదు కాబట్టి. రాత్ అని మా అందరి చేతా వేయించిన సలహాదారులు ఇప్పుడు ఎక్కడున్నారో.

ఇర్వింగ్_అబ్బాయి
రాజమండ్రి గారూ, మీ బాధ న్యాయమే. కానీ మా సంగతి చూడండి. సోషల్ సెక్యూరిటీకి కట్టి, 40 క్రెడిట్లు (సుమారు పదేళ్ల పని) నిండకుండా ఇండియా వెళ్లిపోతే పెన్షన్ రాదు. రెండు దేశాల్లో కట్టింది కలిపి లెక్కించే ఒప్పందమూ ఇండియాతో ఇంతవరకు లేదు. ఆ కోత పోతే నాకు చాలు.

పన్నుల_పుల్లయ్య
కోత పోతుంది గానీ పెన్షన్ లెక్కలకు నీ జీతం వివరాలు కంపెనీ పంపుతూనే ఉండాలి. కాబట్టి డబ్ల్యూ-2 (ఏడాది జీతం లెక్క కాగితం) లాంటిది ఏదో ఒకటి ఉంటుంది. కాగితాలు లేని లోకం వస్తుందని ఆశపడకు.

ఎఫ్‌బార్ కూడా అంతే. ఇండియా ఖాతాల్లో అన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే చెప్పాలి కదా, అది ఇన్‌కం టాక్స్ చట్టం కింద లేదు, బ్యాంక్ సీక్రసీ యాక్ట్ కింద ఉంది. నీ ఎన్ఆర్‌ఓ ఖాతా అప్పుడూ చెప్పుకోవాల్సిందే.

నీ అసలు సమస్యకు ఫెయిర్‌టాక్స్ దాకా ఎందుకు? కంపెనీకి ఇచ్చే డబ్ల్యూ-4 ఫారంలో 4(సీ) దగ్గర ప్రతి పేచెక్‌లో అదనంగా ఎంత కోయాలో రాసివ్వు. వడ్డీకి సరిపడా అక్కడే పోతుంది, ఏప్రిల్‌లో ఎదురు కట్టే పని ఉండదు.

గోదారి_గట్టు
ఐఆర్‌ఎస్ మూసేస్తే అమ్మానాన్నల గ్రీన్‌కార్డుకు ఐ-864 (స్పాన్సర్ హామీపత్రం)తో పెట్టే టాక్స్ రిటర్న్ ఎవరిస్తారు? ఇంటి లోనుకు బ్యాంకువాడు అడిగేది కూడా అదేగా. ఎంత తిట్టుకున్నా, ఈ దేశంలో మనం నిజాయితీగా బతుకుతున్నామనడానికి మన దగ్గర ఉన్న సాక్ష్యం ఆ రిటర్నే.

హెచ్4_డైరీ
ఐఆర్‌ఎస్ పోతే ప్రీబేట్ చెక్కులు ఎవరు పంపుతారు, ఎవరు ఎవరి కుటుంబమో ఎవరు చూస్తారు? ఇంకో పేరుతో ఇంకో ఆఫీసు రావాలిగా.

పన్నుల_పుల్లయ్య
వసూళ్లు రాష్ట్రాలకు అప్పగిస్తారు, అందుకు వాటికి పావు శాతం కమిషన్. కొట్లవాళ్లకూ పావు శాతం. చెక్కులు సోషల్ సెక్యూరిటీ ఆఫీసు చూస్తుంది. ట్రెజరీలో కొత్త సేల్స్ టాక్స్ విభాగం వస్తుంది. కాబట్టి మీరన్నది నిజమే, బోర్డు మారుతుంది.

అన్నిటికంటే తమాషా నిబంధన చివర్లో ఉంది. ఇన్‌కం టాక్స్ వేసే అధికారం 1913 నాటి 16వ రాజ్యాంగ సవరణ ఇచ్చింది. దాన్ని రద్దు చేయకపోతే రేపు ఇంకో కాంగ్రెస్ వచ్చి ఇన్‌కం టాక్స్ మళ్లీ పెట్టి రెండూ వసూలు చేయొచ్చు. అందుకని ఏడేళ్లలో ఆ సవరణ రద్దు కాకపోతే ఈ సేల్స్ టాక్సే రద్దయిపోతుందని రాసుకున్నారు. రద్దు కావాలంటే రెండు సభల్లో మూడింట రెండొంతుల మెజారిటీ, 38 రాష్ట్రాల ఆమోదం కావాలి.

సైకిల్‌చైన్
ఆగండాగండి. ఇన్‌కం టాక్స్ అప్పటికే ఎత్తేసి ఉంటారు. ఏడేళ్లకు సేల్స్ టాక్స్ కూడా పోతుంది. అంటే రెండూ ఉండవు! ఇంత మంచి బిల్లును ఇన్నాళ్లూ అనవసరంగా తిట్టాను. నా ఓటు దీనికే.

పన్నుల_పుల్లయ్య
నీకు ఓటెక్కడిది? నీ గ్రీన్‌కార్డు ఇంకా ఐ-140 (కంపెనీ వేసే దరఖాస్తు) దగ్గరే ఉంది కదా.

సైకిల్‌చైన్
మా బుడ్డోడు ఇక్కడే పుట్టాడండీ. వాడికి పద్దెనిమిది నిండేదాకా బిల్లు కమిటీలోనే ఉంటుందిలెండి, తొందరేముంది.